ఆ డుమువులు ఎవరివి?

కాపీ అన్న మాట వినపడితే చాలు, మన దగ్గర పాట గురించిన చర్చ అక్కడే ఆగిపోతుంది. యూట్యూబులో ఎవరో రెండు పాటల్ని పక్కపక్కన పెట్టి వినిపిస్తారు. కింద జనం రెండు జట్లుగా చీలిపోతారు. అభిమానులు ఇన్‌స్పిరేషన్ అంటారు, గిట్టనివాళ్ళు దొంగతనం అంటారు. ఎత్తుకొచ్చిన ముక్కతో ఆ పాటలో ఏం చేశారు, అది అక్కడ అతికిందా లేదా అని అడిగేవాళ్ళు కనపడరు. ఈ గొడవలో చిక్కుకున్న మిత్రులకి నేను ఒక జపనీస్ ఆల్బం వినమని చెబుతుంటాను. పేరు 'డాక్టర్ హెడ్స్ వరల్డ్ టవర్'. 1991 జులైలో వచ్చింది. చేసినవాళ్ళు ఫ్లిప్పర్స్ గిటార్ అనే జంట, ఒయమాద కేగో, ఒజావ కెంజి. అప్పటికి ఒకరికి 22 ఏళ్ళు, ఇంకొకరికి 23.

ప్లే నొక్కగానే మొదట పలకరించేది వాళ్ళ సంగీతం కాదు. అమెరికన్ బృందం బీచ్ బాయ్స్ 1966లో చేసిన 'గాడ్ ఓన్లీ నోస్' పాటలోని తునక. దాచిపెట్టే ప్రయత్నం లేదు, స్వరం మార్చలేదు, వేగం చాటున కప్పలేదు. గుమ్మంలోనే పెట్టారు.

ఈ ఆల్బంలో ఎత్తుకొచ్చిన సరుకు బోలెడుంది. నాకు తెలిసిన పాప్ ఆల్బముల్లో మొదటి వరసలో నిలబడేదీ ఇదే. ఈ రెండు మాటల్నీ ఒకే ఊపిరిలో అనొచ్చు, ఒకదాని తప్పును రెండోదానితో మాఫీ చెయ్యక్కర్లేదు అనేది నా పక్షం.

ఫ్లిప్పర్స్ గిటార్ మొదట్లో అయిదుగురి బృందం. 1989లో వచ్చిన తొలి ఆల్బంలో పాటలన్నీ ఇంగ్లీషులోనే. టోక్యో కుర్రాళ్ళు స్కాట్లండ్ కుర్రాళ్ళలాగా గిటార్లు మీటుతూ, సిగ్గుపడుతున్నట్టు సన్నగా పాడతారు. ఆ ఆల్బం పేరు కూడా గ్లాస్గో బృందం ఆరెంజ్ జ్యూస్ పాట పేరే. తర్వాత ముగ్గురు వెళ్ళిపోయారు, ఇద్దరు మిగిలారు. 1990లో జపనీస్‌లో పాడటం మొదలుపెట్టారు. 'యంగ్, అలైవ్, ఇన్ లవ్' అన్న సింగిల్ ఒక టీవీ సీరియల్‌కి టైటిల్ పాటయి కూర్చుంది. అమ్మాయిల పత్రిక 'ఆలివ్' చదివే పిల్లలకి వీళ్ళు ఆరాధ్యులైపోయారు. ఆ పాట మొదట్లో అందరి నోళ్ళలో నానిన 'దబదబ' ఆలాపన ఉంది చూశారూ, అది ఇటలీ స్వరకర్త అర్మాండో త్రోవాయొలీ 1960ల్లో ఓ దోపిడీ సినిమాకి కట్టినది. బంగారం కొల్లగొట్టే ఏడుగురి కథ అది. అంటే వీళ్ళ అలవాటు ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఈ మూడో ఆల్బంతో మొదలైంది కాదు. మూడో ఆల్బంలో అది ముదిరి పాకాన పడింది.

పాటల కింద రచయితలుగా ఇద్దరూ తమ పేర్లు వేసుకునేవాళ్ళు కాదు. 'డబుల్ నాకౌట్ కార్పొరేషన్' అని వేసుకునేవాళ్ళు. కుర్రతనపు ఎకసెక్కం. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇలాంటి ఆల్బం 1991లో టోక్యోలోనే ఎందుకు పుట్టింది? నాకు సంగీతం కంటే ముందు డబ్బు కనపడుతుంది. 1985 సెప్టెంబరులో న్యూయార్కులోని ప్లాజా హోటల్లో అయిదు ధనిక దేశాలు డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకునే నాటికి డాలరుకి సుమారు 240 యెన్లు. రెండేళ్ళు తిరిగేసరికి దాదాపు 120. అంటే జపాన్ కుర్రాడి జేబులో డబ్బు అలాగే ఉండగా అమెరికన్ రికార్డు ధర సగానికి పడిపోయింది. దీనికి తోడు జపాన్‌లో ఒక చిత్రమైన కట్టుబాటు ఉంది. పుస్తకాలు, పత్రికలు, అక్కడ అచ్చయిన రికార్డులు, సీడీలు కంపెనీ చెప్పిన ధరకే అమ్మాలి, దుకాణదారు తగ్గించడానికి వీల్లేదు. విదేశాల నుంచి వచ్చిన సరుకుకి ఆ కట్టు లేదు. దాంతో దేశవాళీ సీడీ కంటే ఓడెక్కి వచ్చిన సీడీయే చవక. ఆ సందులోంచే టోక్యోలోని షిబుయా పేటలో దిగుమతి రికార్డుల దుకాణాలు పెరిగాయి. టవర్ రికార్డ్స్ అక్కడ 1981 నుంచీ ఉంది. హెచ్ఎంవీ 1990 నవంబరులో వచ్చింది. ఇక కొనలేని పిల్లలకి రికార్డుల్ని అద్దెకిచ్చే దుకాణాలు 1980 నుంచీ ఊరూరా వెలిశాయి.

ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. పాత ఎల్పీలన్నీ సీడీలుగా మళ్ళీ అచ్చవుతున్న కాలం అది. అమెరికాలో పుట్టి అమెరికాలోనే ఎవరూ పట్టించుకోని 1960ల మెత్తటి పాప్ రికార్డులు కొన్ని సీడీ రూపంలో ముందు జపాన్‌లోనే వెలుగు చూశాయి. రోజర్ నికల్స్ అండ్ ద స్మాల్ సర్కిల్ ఆఫ్ ఫ్రెండ్స్ 1968లో చేసిన ఆల్బం అలా 1987లో టోక్యోలో బతికి బట్టకట్టింది. పుట్టింట్లో దిక్కులేని పిల్ల అత్తింట్లో మహారాణి అయినట్టు. ఫలితంగా 20 ఏళ్ళ టోక్యో కుర్రాడి చెవిలో 1966 కాలిఫోర్నియా, 1982 గ్లాస్గో, నిన్నటి మాంచెస్టర్ ఒకే బల్ల మీద పరిచినట్టు ఉండేవి. ఏది ముందు, ఏది వెనక అన్న చరిత్ర భారం వాటి మీద లేదు. షిబుయా దుకాణాల్లో బాగా అమ్ముడయ్యే ఈ తరహా జపనీస్ పాటలకి తర్వాతి ఏళ్ళలో షిబుయా-కే అన్న పేరు పడింది. పేటని బట్టి సంగీతానికి పేరు రావడం మామూలే గానీ, ఇక్కడ ఆ పేరుకి మూలం కచేరీ హాలు కాదు, కొట్టు. ఈ సంగీతం పుట్టుకే కొనుగోలుదారుడి పుట్టుక.

టోక్యో షేర్ మార్కెట్ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర శిఖరం తాకి, అక్కణ్ణుంచి జారడం మొదలుపెట్టింది. ఆల్బం వచ్చేనాటికి జారుడు సాగుతోంది. అయిదో పాట పేరులో బబుల్ అన్న మాట ఉంది, బుడగలా ధరలు ఉబ్బిన ఆ కాలాన్ని పిలిచే పేరూ అదే. అది పట్టుకుని నేను ఆర్థిక విశ్లేషణ మొదలుపెట్టను, భయపడకండి.

పాటల్లోకి వద్దాం. 'హెడ్' అనేది 1968లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా. టీవీ సీరియల్ కోసం ఏరికోరి తయారుచేసిన మంకీస్ అనే నలుగురి బృందం అందులో తమ బొమ్మని తామే పగలగొట్టుకుంటుంది. మేం తయారుచేసిన సరుకే, ఒప్పుకుంటున్నాం, ఇప్పుడేమంటారు అని ప్రేక్షకుడినే నిలదీస్తుంది. సినిమా మొదట్లో ఒకడు వంతెన మీంచి నీళ్ళలోకి దూకుతాడు, వెనక 'పోర్పాయిస్ సాంగ్' వినపడుతుంది. పోర్పాయిస్ అంటే డాల్ఫిన్‌కి దగ్గర చుట్టం. ఫ్లిప్పర్స్ గిటార్ ఆల్బం పేరులో హెడ్ ఉంది, మొదటి పాట పేరు 'డాల్ఫిన్ సాంగ్'. వాళ్ళ బృందం పేరు సైతం ఆరెంజ్ జ్యూస్ ఆల్బం అట్ట మీది డాల్ఫిన్లని చూసి పెట్టుకున్నదే.

ఇదంతా తెలిసినవాళ్ళు కన్నుగీటుకునే వ్యవహారమేనా? అంతకంటే ఎక్కువే ఉందంటాను. సీరియల్ పాటతో పిల్లల గోడల మీదికెక్కిన ఈ ఇద్దరికీ తామూ ఒక రకం మంకీసే అని తెలుసు. తయారైన బొమ్మలు తమ తయారీనే పాటగా కట్టిన సినిమాని తెచ్చి, ఆ సినిమా మీద మరో అంతస్తు కట్టారు. 'డాల్ఫిన్ సాంగ్' ఒక వరసలో నడవదు. ఉన్నట్టుండి లయ మారిపోతుంది, గది మారిపోయినట్టు ధ్వని మారిపోతుంది, ఇందాకటి రాగం ఏమైందని వెతుక్కునేలోపు ఇంకో ముక్క వచ్చి పడుతుంది. నిజం వెతుక్కుంటూ అబద్ధాల్లోకి ప్రయాణం కట్టడం గురించి ఒజావ రాసిన మాటలు ఆ అతుకుల మీద నడుస్తాయి. అబద్ధాల్లోకి వెళ్ళడం గురించిన పాటని అచ్చంగా సొంత వాద్యాలతో, సొంత బాణీలో కట్టి ఉంటే అందులో సగం అర్థం పోయేది. ఎరువు సొమ్ము ఇక్కడ పాట అర్థంలో భాగం. కాపీ అని కొట్టిపారేసేవాళ్ళకి నేను చూపించే మొదటి సాక్ష్యం ఇది.

రెండో సాక్ష్యం ఏడో పాట, 'ద క్విజ్‌మాస్టర్'. విన్న రెండు నిమిషాల్లో, ఇంగ్లీషు పాటలు తెలిసినవాళ్ళు, ఇది స్కాట్లండ్ బృందం ప్రైమల్ స్క్రీమ్ చేసిన 'లోడెడ్' కదా అంటారు. అవును, నడక, ఊపు, గిటార్ పడే తీరు అంతా అదే. కానీ 'లోడెడ్' మాత్రం ఎవరిది? ప్రైమల్ స్క్రీమ్ 1989లో ఒక నెమ్మది పాట చేసింది. దాన్ని ఆండ్రూ వెదరాల్ అనే డీజే చేతికిస్తే ఆయన ముక్కలు ముక్కలు చేసి, పీటర్ ఫోండా నటించిన 1966 నాటి మోటార్ సైకిళ్ళ సినిమాలోంచి డైలాగు తెచ్చి నెత్తిన పెట్టాడు. ఇమోషన్స్ అనే అమెరికన్ అక్కచెల్లెళ్ళ పాటలోంచి గొంతు తెచ్చాడు. ఇంకెవరిదో దొంగ రీమిక్స్‌లోంచి డ్రమ్ముల దరువు తెచ్చాడు. 1990లో అది వచ్చాక బ్రిటన్ అంతా దాన్ని కొత్త యుగం అంది. ఏడాదిన్నర తిరక్కుండా టోక్యోలో ఇద్దరు దాన్నెత్తుకుంటే అది కాపీ అయిపోయింది. లండన్‌లో ఎత్తుకుంటే ఆవిష్కరణ, టోక్యోలో ఎత్తుకుంటే అనుకరణ. ఆసియావాళ్ళు చేసేది నకలే అన్న పాత చిన్నచూపు ఈ తీర్పులో కొంతైనా ఉంది. దాన్ని మనమూ మారుమాట లేకుండా మోస్తున్నాం.

ఆల్బం అంతా ఇంత దిట్టంగా ఉందని అనను. మధ్యలో ఒకటి రెండు పాటలు మాంచెస్టర్ నాట్య సంగీతపు నమూనా దగ్గరే ఆగిపోతాయి, వాటిలో ఈ ఇద్దరి పనితనం నాకు ఎక్కువ కనపడదు. 'ఆక్వామరీన్' మాత్రం వేరే సంగతి. గిటార్లన్నీ కరిగి ఆవిరైపోయి, వాటి లోపలెక్కడో రెండు సన్నటి గొంతులు.

ఆ గొంతుల దగ్గర శ్రీనాథుడు గుర్తొస్తాడు. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని ఆయన తెలుగు చేస్తే పండితులు వెక్కిరించారని చాటుకథ ఒకటి ఉంది కదా: "నీ డుమువులు నువ్వు తీసేసుకుని మా నైషధం మాకిచ్చెయ్యి" అని. సంస్కృత సమాసాలన్నీ అలాగే ఉంచి చివర డు, ము, వు, లు తగిలించాడని ఎద్దేవా. కానీ 'శృంగార నైషధం' చదివినవాళ్ళకి తెలుసు, ఆ డుమువులు తీసేస్తే మిగిలేది శ్రీహర్షుడి నైషధమూ కాదు. సీసం నడక పోతుంది, ఎత్తుగీతిలో ఆయన గొంతు పోతుంది. ఫ్లిప్పర్స్ గిటార్ విషయంలో నాకు ఆ డుమువులు ఈ ఇద్దరి గొంతులు. ఇద్దరిలో ఎవరూ పెద్ద గాయకులు కారు. ఊపిరి ఎక్కువ, నాదం తక్కువ. ఒకరి మీద ఒకరు పొరలా పాడతారు. వెనక ఎంత అరువు సామగ్రి గలగలలాడినా ముందున్న ఆ జంట గొంతు బీచ్ బాయ్స్‌ది కాదు, ప్రైమల్ స్క్రీమ్‌ది కాదు. ఆ గొంతుల్ని తీసేసి మా నైషధం మాకిచ్చెయ్యమంటే, ఎవరి నైషధం ఎవరికి తిరిగివ్వాలో తేలదు.

ఇక్కడిదాకా వకాల్తా. ఇప్పుడు ఎదురు పక్షం కూడా నేనే తీసుకుంటాను, ఎందుకంటే ఈ ఆల్బం అభిమానులు చెప్పే ఒక సాకు నాకు బొత్తిగా గిట్టదు.

ఆ సాకు పేరు నివాళి. ఎత్తుకున్నది ప్రేమతో కాబట్టి తప్పు లేదట. శ్రీనాథుడు శ్రీహర్షుడి పేరు చెప్పాడు. వీళ్ళు చెప్పారా? పాటలకి కర్త డబుల్ నాకౌట్ కార్పొరేషన్. ముక్కల యజమానుల దగ్గర అనుమతుల సంగతి తేల్చుకోకుండానే చాలా వాడేశారన్నది ఈ ఆల్బం గురించి జపాన్‌లో అందరూ అనే మాట. తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది కదా అంటారు అభిమానులు. ఆ తెలిసినవాళ్ళెవరు? షిబుయాకి రైల్లో వెళ్ళగలిగినవాళ్ళు, జేబులో డబ్బున్నవాళ్ళు. దూరాన ఏ చిన్న ఊళ్ళోనో అద్దె సీడీ విన్న పదో తరగతి పిల్ల ఆ మొదటి తునక కూడా ఈ ఇద్దరిదే అనుకుంటుంది. మన జరుక్‌శాస్త్రి పేరడీ రాస్తే అసలు ఎవరిదో పాఠకుడికి ముందే తెలుసు, అందుకే అది పండేది. ఇక్కడ ఆ హామీ లేదు. ఆ పిల్ల తర్వాత వెతుక్కుని బీచ్ బాయ్స్‌ని చేరుకుని ఉండొచ్చు, చాలామంది చేరుకున్నారు కూడా. ఈ ఆల్బం ఒక తరానికి పాత పాటల దారి చూపింది. అయినా దారి చూపడం వేరు, ఇంటి యజమాని పేరు తలుపు మీద రాయడం వేరు.

డబ్బు సంగతి ఇంకా చేదు. పాత రికార్డులోంచి ముక్క కోసి వాడుకునే ఈ పనిని శాంప్లింగ్ అంటారు, అందులో రెండు తాళాలుంటాయి, అంటే రెండు హక్కులు. ఒకటి పాట కట్టినవాడిది, రెండోది ఆ రికార్డింగు ఎవరి ఆస్తో వాళ్ళది. బాణీని అనుకరించి మళ్ళీ వాయించుకుంటే రెండో తాళంతో పనిలేదు. రికార్డులోంచే కోస్తే రెండూ తియ్యాలి. ఈ రెండు తాళాల్లోనూ అసలు వాయించిన మనిషికి చాలాసార్లు తాళంచెవి ఉండదు. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాట 'ఫంకీ డ్రమ్మర్'లో దరువు వేసిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ చేతి వాటం వందల పాటల్లో వినిపిస్తుంది, 2017లో ఆయన పోయేదాకా దాని మీద ఆయనకి వచ్చింది దాదాపు ఏమీ లేదు. నివాళి అనేవాళ్ళు ఈ లెక్క చూడాలి. బీచ్ బాయ్స్ తునక పోతే వాళ్ళ ఆస్తి తరగదు, నిజమే. కోతకి అలవాటుపడ్డ కత్తికి మాత్రం ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న తేడా తెలీదు.

చట్టం మేలుకున్న సమయం కూడా విచిత్రం. ఈ ఆల్బం వచ్చిన అయిదు నెలలకి, 1991 డిసెంబరు 17న, న్యూయార్కులో కెవిన్ డఫీ అనే జడ్జి ఒక తీర్పిచ్చాడు. బిజ్ మార్కీ అనే ర్యాపర్ గిల్బర్ట్ ఓ'సల్లివాన్ పాటలోని ముక్కని అనుమతి లేకుండా వాడుకున్న కేసు. తీర్పు మొదటి వాక్యమే బైబిల్ ఆజ్ఞ: దొంగిలకూడదు. ఆ రోజు నుంచి అమెరికాలో ముక్కముక్కకీ ముందుగా అనుమతి, ముందుగా రొక్కం. వందల తునకలతో ఆల్బం అల్లడం డబ్బున్నవాడి విలాసమైపోయింది. దాని ముందు కాలంలో అల్లిన గొప్ప ఆల్బములు కొన్ని న్యాయపు సందిగ్ధంలో ఇరుక్కుపోయాయి. అమెరికన్ ర్యాప్ బృందం డి లా సోల్ 1989లో చేసిన తొలి ఆల్బం అంతర్జాలంలో అధికారికంగా వినడానికి 2023 మార్చిదాకా ఆగాల్సొచ్చింది. ఫ్లిప్పర్స్ గిటార్ సంగతీ అంతే. 2006లో వాళ్ళ మొదటి రెండు ఆల్బముల్నీ శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేశారు. ఈ మూడోదాన్ని పక్కన పెట్టారు. ఆల్బం గొప్పదనాన్ని పొగిడే వ్యాసాలు పెరుగుతూ పోయాయి, వస్తువు మాత్రం పాత సీడీల బజారులో పడింది.

ఇది ఎవరికీ న్యాయం కాదు. తునకల యజమానికి డబ్బు రాలేదు, కొత్త శ్రోతకి పాట రాలేదు. లాభపడింది పాత సీడీల వ్యాపారి ఒక్కడే.

జంట సంగతి ఏమైందంటారా? 1991 అక్టోబరు చివర, టూరు పెట్టుకుని టికెట్లు కూడా అమ్మాక, ఉన్నట్టుండి విడిపోయారు. ఒజావ 1994లో 'లైఫ్' అనే ఆల్బంతో ఇంటింటి పేరయ్యాడు, తర్వాత అన్నీ వదిలేసి చాలా ఏళ్ళు న్యూయార్కులో మాయమయ్యాడు. ఒయమాద కోతుల గ్రహం సినిమాలోని పాత్ర పేరు పెట్టుకుని కార్నీలియస్ అయ్యాడు, 1997 నాటి 'ఫాంటస్మా' అతన్ని అమెరికాకి, ఐరోపాకి మోసుకెళ్ళింది. నేను ఈ జంట దగ్గరికి వచ్చింది ఆ ఆల్బం వెనక్కి నడిచే. 2021 జులైలో అతను టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవపు సంగీత బాధ్యత నుంచి తప్పుకోవాల్సొచ్చింది. బడి రోజుల్లో వికలాంగులైన తోటి పిల్లల్ని ఏడిపించడం గురించి 1990ల్లో పత్రికలకి చెప్పిన మాటలు మళ్ళీ బయటపడ్డాయి, క్షమాపణ చెప్పాడు. ఆ మాటల్ని అచ్చేసిన పత్రికలదీ అదే ఎకసెక్కపు కాలం. దేన్నీ మనసుకి పట్టించుకోకపోవడమే తెలివి అనుకున్న వాతావరణం అది. ఆల్బం వింటూ ఆ తెలివికి ముచ్చటపడే నాకు, అదే తెలివికి ఇంకో ముఖం ఉందని మరిచిపోయే వీలు లేదు. పాటని వదిలెయ్యలేదు. ముచ్చట మాత్రం మునుపటంత నిశ్చింతగా లేదు.

నాకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. ఈ ఆల్బం మళ్ళీ అచ్చవ్వాలి. అట్ట లోపల ఏ తునక ఎక్కడిదో వరసగా అచ్చువెయ్యాలి, పాట కట్టినవాళ్ళ పేర్లతో పాటు వాయించినవాళ్ళ పేర్లు కూడా. అమ్మిన ప్రతి కాపీ మీదా వాళ్ళందరికీ వాటా వెళ్ళాలి. డబుల్ నాకౌట్ కార్పొరేషన్ వారి వాటా కొంచెం చిక్కిపోతుంది, పోనివ్వండి. మూడు దశాబ్దాల తర్వాత డి లా సోల్‌కి సాధ్యమైంది వీళ్ళకి అసాధ్యం కాకూడదు.

ఈలోగా ఎక్కడైనా దొరికి వింటే, ముందు అసలు పాటల జాబితా వెతుక్కుని చేతిలో పెట్టుకోకండి. అలా వింటే చెవి పోలీసైపోతుంది, పాట నేరస్థలమైపోతుంది. మొదటిసారి ఏమీ తెలియనట్టే మొత్తం వినండి, చివరిదైన 'ద వరల్డ్ టవర్' పొడవు చూసి జడుసుకోకుండా. ఆ తర్వాత బీచ్ బాయ్స్, ఆ తర్వాత 'లోడెడ్', వీలైతే దాని వెనకున్న ఇమోషన్స్. అప్పుడు మళ్ళీ మొదటి పాట పెట్టి చూసి, కాపీయో కాదో కామెంట్లో తిట్టుకుందాం.